పదకొండు రోజుల గీత

ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే మాట నేను మొదటిసారి విన్నది హిందూపురంలో, మా సావుకారు ఆఫీసులో, ఒక శనివారం మీటింగులో. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. పెద్ద సావుకారు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయి, బెంగుళూరులో మేనేజ్‌మెంట్ చదివి వచ్చిన కొడుకు ఆ కుర్చీలో కూర్చున్న కొత్త. ఆయన ఏదో పెద్ద హోటల్లో సెమినార్ విని వచ్చి, బ్రాంచి మేనేజర్లందరికీ తలా ఒక నీలం ఫైలు పంచాడు. అట్ట మీద మనిషి తలకాయ బొమ్మ, తలకాయలో పళ్ల చక్రాలు. "మనిషి నేర్చుకున్నట్టే మిషన్ కూడా నేర్చుకుంటుంది. పట్టు చీరల వ్యాపారంలో దీన్ని ముందుగా తెచ్చేది మనమే కావాల" అన్నాడు. మేమందరం తలలూపాం. నెల జీతగాడి తలకాయ ఊగడానికి చక్రాలు అక్కర్లేదు.

ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకు చెప్తే, "ఆర్టిఫిషియల్ అంటే గిల్టుదా?" అంది. ఇంచుమించు అంతే అన్నాను. "ఉండేదే ఇంట్లో పనికి రాలేదు, ఇంగ గిల్టుది తెచ్చి ఏం చేస్తారు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి నవ్వులాటే.

నేను ధర్మవరం బ్రాంచి మేనేజర్ని. ఇల్లు పెనుకొండలో. పొద్దున ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోవడం, సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి రావడం, శనివారం మాత్రం ఎదురు దిక్కు రైలెక్కి హిందూపురం పోయి చెప్పించుకోవలసినవి చెప్పించుకుని రావడం. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. ఉద్యోగంలో గొప్పేమీ లేదు గానీ, పెద్ద తప్పూ చేయలేదు. అప్పటిదాకా.

మా పని ఇదీ. కంపెనీ పట్టు ఇస్తుంది. నేతగాళ్లు తమ ఇళ్లలో గుంట మగ్గాల మీద చీర నేసి తెచ్చి బ్రాంచిలో అప్పజెప్తారు. తీసుకునే ముందు ప్రతి చీరనూ ఒక మనిషి చూస్తాడు. బాగుంటే పూర్తి కూలి, తప్పుంటే కోత. ఆ చూసే మనిషిని ఊరంతా మేస్త్రి అనేది. అరవై దాటినవాడు. వయసులో తానూ మగ్గం నేసినవాడే. ముప్పై ఏళ్లుగా ఉత్తరం కిటికీ పక్కన అదే కుర్చీ, అదే బల్ల. చీరను బల్ల మీద జార్చుకుంటూ బొటనవేలి గోరును దాని మీద నడిపించేవాడు. పోగు తెగినా, అడ్డంగా పడే పేక వదులైనా, అంచు అతుకు చెడినా గోరు ఆగేది. ఆగిందంటే తప్పున్నట్టే, ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఆయన కొడుకూ కోడలూ కూడా మాకే నేసేవాళ్లు. వాళ్ల చీర మీదా గోరు ఆగేది, వాళ్లకూ కోత పడేది. ఇంట్లో కోడలు ఆ పూట అన్నం విసిరినట్టు పెడుతుందని తానే చెప్పి నవ్వేవాడు.

మిషన్ శ్రావణ మాసంలో లారీలో దిగింది. కింద లైట్లున్న పెద్ద గాజు బల్ల, పైన రెండు కెమెరాలు, పక్కన కంప్యూటరు. చీరను బల్ల మీద లాగితే కెమెరా జానెడు జానెడుగా ఫోటో తీస్తుంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు కన్నడం, ఇంగ్లీషు కలిపి నాకు విడమరిచి చెప్పాడు. మిషన్‌కు ఇప్పుడేమీ తెలియదు. మూడు నెలలు మేస్త్రి దాని పక్కన కూర్చుని, ప్రతి చీరకూ మంచిదైతే పచ్చ బటన్, తప్పుంటే ఎర్ర బటన్ నొక్కాలి. ఫోటోనూ బటన్‌నూ జత చేసుకుని అదే నేర్చుకుంటుంది. ఎందుకు మంచిది, ఎందుకు తప్పు అని దానికి చెప్పక్కర్లేదు, అదే కనిపెడుతుంది అన్నాడు. చెప్పక్కర్లేదన్న మాట నాకు భలే నచ్చింది. ఎందుకంటే మేస్త్రి ఏదీ వివరించి చెప్పే మనిషి కాదు.

మేస్త్రి మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, గాజును గోటితో తట్టి, నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"ఏమప్పా, ఇది నేర్చుకున్నాంక నాకేం పని ఉంటాది?"

"నీ పక్కన కూచుంటాది మేస్త్రీ, అంతే. నువ్వు అలిసిపోతే అది చూస్తాది. నువ్వున్నన్ని దినాలు ఈ కుర్చీ నీదే. నాది పూచీ."

ఆ మాట సావుకారు నాతో అనలేదు. అంటాడని నేనే అనుకుని అనేశాను. మేస్త్రి నా మొహంలోకి కాసేపు చూసి, "నువ్వు చెప్పినావంటే సరే" అన్నాడు. ఆయన్ను బటన్ దగ్గర కూర్చోబెట్టింది ఇంజనీరూ కాదు, సావుకారూ కాదు. నేనే.

మొదటి వారం ఏ బటన్ దేనికో నన్ను అడిగి మరీ నొక్కేవాడు. తర్వాత ఆయనకే సరదా పుట్టింది. మనవరాలి చేత పలక మీద దిద్దించినట్టు, "చూడు, బాగా చూడు, ఇది తప్పు" అని కెమెరాకు చెప్పి మరీ ఎర్రది నొక్కేవాడు. ఆయుధ పూజ నాడు గాజుకు విబూది పట్టెలు పెడితే, లెన్సు మీద పడుతుందని ఇంజనీరు ఫోన్లోనే లబోదిబోమన్నాడు. అప్పుడప్పుడు పచ్చ నొక్కిన తర్వాత కూడా చీరను వెంటనే మడతకు ఇవ్వకుండా తన పాత బల్ల మీదకు తీసుకుపోయి, ఒకచోట నీళ్లు చిలకరించి, గోటితో మెల్లగా చాలాసేపు రాసేవాడు. ఎందుకని నేను అడగలేదు. ముసలాయన తృప్తి అనుకున్నాను.

మూడు నెలలు అయ్యాయి. మిషన్ తనంతట తానే పచ్చ లైటు, ఎర్ర లైటు వెలిగించడం మొదలుపెట్టింది. చిన్న సావుకారు వచ్చి చూసి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గంటలో అది చూసేన్ని చీరలు చూడడానికి మేస్త్రికి ఒక పూట పట్టేది. మేస్త్రి కుర్చీ అక్కడే ఉంది, మేస్త్రీ దాంట్లోనే ఉన్నాడు, చేతులు మాత్రం ఒళ్లో ఉన్నాయి. నా పూచీ నిలబడిందని నేను లోపల మురిసిపోయాను.

రెండు నెలలు తిరక్కుండా బెంగుళూరు షాపుల నుంచి చీరలు వెనక్కి వచ్చాయి. ఒక షాపు కాదు, ఒక కట్ట కాదు. అన్నింటిదీ ఒకటే రోగం. చీర ఒంటి మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా సన్నటి గీత. వెలుతురుకు పట్టుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. మిషన్ వాటన్నిటికీ పచ్చ వెలిగించింది.

ఇంజనీరు హిందూపురం ఆఫీసుకు వచ్చి కంప్యూటరు లోపలి లెక్కలు తెరిచాడు. మేస్త్రి నేర్పిన మూడు నెలల ఫోటోల్లో అడ్డ గీతలున్నవి ఏరి, రెండు రెండుగా కాగితాల మీద ప్రింటు తీసి మా ముందు పరిచాడు. ఈ చీరలో గీత, ఆ చీరలో గీత, తేడా ఏమీ లేదు. ఒకదానికి మేస్త్రి ఎర్ర నొక్కాడు, ఇంకొకదానికి పచ్చ. అలాంటి జతలు చాలా ఉన్నాయి. పచ్చలే ఎక్కువ. కాబట్టి గీత ఉన్నా మంచిదేనని మిషన్ నేర్చుకుంది. "మిషన్ తప్పు కాదు సార్. నేర్పినాయనకు చూపు సరిగా లేదు" అన్నాడు.

చిన్న సావుకారు కాగితాలను జతలు జతలుగా పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. "పాపం, వయసైంది కదా. మనమే గమనించుకోవాల్సింది. కంటి డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయితే కంపెనీ చేయిస్తుంది. అది కుదరదంటే ఇంక కూర్చోబెట్టలేం" అన్నాడు. బల్ల కింద లైట్లు మారాయేమో, గాజు మీద దుమ్ము ఉందేమో అని నేను ఏదేదో గొణిగాను. ఇంజనీరు ఓపికగా అన్నీ కాదని చూపించాడు.

మరునాడు ధర్మవరంలో మేస్త్రిని బ్రాంచి వెనక రేకుల షెడ్డులోకి పిలిచి ఆ కాగితాలు చేతిలో పెట్టాను. నాకు కోపంగా ఉంది. నిజం చెప్పాలంటే ఆయన మీద కంటే ఎక్కువగా నా పూచీ మీద కోపం.

"ఏంది మేస్త్రీ ఇది? ఒకే గీతకి ఒకసారి ఎర్రది, ఒకసారి పచ్చది. నీ కండ్లకి ఏమన్నా అయ్యిందా?"

ఆయన కాగితాలు తిప్పాడు. ఒక్కో పచ్చ గుర్తు దగ్గర వేలు పెట్టి చెప్పుకుంటూ పోయాడు. "ఇది రైల్వే గేటు కాడి వాళ్లది, ఆయమ్మ పోయినప్పటిది. ఇది చెర్లోపల్లి దోవలో ఉండేవాళ్లది, బిడ్డ పురిట్లోనే పోయింది. ఇది..."

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచాడు.

"ఇంట్లో సావు పడితే పదకొండు దినాలు మగ్గం గుంటలో కాలు పెట్టగూడదప్పా. సగం నేసిన చీర అట్లే బిగిసి ఉంటాది. మైల తీరినాంక మళ్లీ మొదలుపెడితే, ఎంత చెయ్యి తిరిగినోడికైనా ఆడ గీత పడాల్సిందే. ఆ గీతను మేం తప్పు కింద ఎంచేది లేదు. మా నాయన కాలం నుంచీ లేదు. నేను కాసిన్ని నీళ్లు చల్లి గోటితో రాసి, పోయినంత పోగొట్టి మడతకు ఇస్తా. తాగి పండుకొని మగ్గం నిలిపినోడిదీ అదే గీత. దానికి ఎర్రది నొక్కినా."

"రెండూ ఒకే మాదిరి ఉంటే నీకెట్ల తెలుస్తాది?"

"నేను చీర కంటే ముందు తెచ్చినోళ్ల మొగం చూస్తా కదప్పా."

"మిషన్‌కి మొగం యాడ కనపడతాది మేస్త్రీ! నేర్పేటప్పుడైనా ఎర్రది నొక్కింటే పోయేది కదా. ఉత్త బటనే కదా!"

"సావు పడిన ఇంటి చీరకి ఎర్రది ఎట్ల నొక్కేది?" అని నన్నే అడిగాడు. ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతున్నట్టు, "మూడు నెలలు నా పక్కన కూచున్నోళ్లకి ఎవురికైనా తెలిసిపోతాది కదా, దానికీ తెలుస్తాదిలే అనుకొంటి" అన్నాడు.

పన్నెండేళ్లు ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి నేను. నాకు తెలియలేదు. ఆ మాట ఆయన నన్ను పొడవడానికి అనలేదు, కానీ గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

ఉన్నది ఉన్నట్టు సావుకారుకు చెప్పేస్తాను, చూపు దోషం కాదని తేలితే కుర్చీ పోదు అన్నాను. అప్పటిదాకా మెత్తగా మాట్లాడిన మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చెప్తావప్పా? మన చీరలు కట్టుకునేది ఎవురు? పెండ్లికూతుర్లు. ముహూర్తం చీర మీద సావు గీత ఉండాదని ఒక్కరి చెవిన పడితే చాలు, ఊళ్లో ఏ మగ్గం చీరైనా ఎవురన్నా కొంటారా? కొన్నోళ్లు ఊరుకుంటారా? నా ఒక్కని కుర్చీ కోసం అన్ని ఇండ్ల పొయ్యిలో నీళ్లు పొయ్యొద్దు. వాళ్లెట్లా అంటానే ఉండారు కదా, కండ్లు పోయినాయని. పోయినాయని చెప్పు."

నేను చాలాసేపు వాదించాను. కాదనలేకపోయాను. పోనీ చావు మాట ఎత్తకుండా సర్ది చెబుదామంటే, ఒకే గీతకు రెండు బటన్లు ఎందుకు నొక్కాడో చెప్పడానికి ఇంకో కారణం ఏదీ లేదు. నిజం చెబితే ఊరి పరువు పోతుంది, చెప్పకపోతే ఆయన పరువు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ సామెతలో కనీసం నిలబడినవాడే పడతాడు. ఇక్కడ నిలబడింది నేను, పడేది ఆయన.

సావుకారు చెప్పాడు కాబట్టి కంటి డాక్టరు దగ్గరికి పోక తప్పలేదు. హిందూపురం తీసుకుపోయాను. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, గోడకు వేలాడే అట్ట మీద అక్షరాలు చదివించాడు. మేస్త్రి అట్ట అడుగున ఉన్న చీమ తలకాయంత అక్షరాలు కూడా గడగడా చదివేశాడు. అబద్ధం చెప్పాలని పాపం అక్కడ గుర్తు రాలేదు. బాగా చదివితే మెచ్చుకుంటారని అనుకున్నాడో ఏమో. డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. "ఈ వయసుకు ఇంత మంచి చూపు నేను చూడలేదు" అని కాగితం మీద రాసిచ్చాడు.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని మేస్త్రి ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో తానే పెట్టాడు.

"ఇది నీ కాడే ఉండనీ. నా ఇంట్లో ఉంటే కొడుకు చూస్తాడు. చూసినాంక వాడు ఊరుకోడు, మీ ఆఫీసు ముందర కూచుంటాడు."

"చింపేద్దామా మేస్త్రీ?"

"వద్దులేప్పా," అన్నాడు రైలు వచ్చే వైపు చూస్తూ. "ఉండనీ. బాగా రాసినాడు."

శనివారం మీటింగులో నేను లేచి నిలబడి, "చూపు తగ్గింది సార్. నరం దెబ్బతిన్నదంట, ఆపరేషన్‌తో వచ్చేది కాదంట" అని చెప్పాను. గొంతు ఎక్కడా తడబడలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం. చిన్న సావుకారు నిజంగానే నొచ్చుకున్నాడు. నెల తిరక్కముందే బ్రాంచిలో ఒక శాలువా కప్పి, పూలదండ వేసి, ఫోటో తీయించాడు. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను, మేస్త్రి పక్కనే, ఆయన మోచెయ్యి పట్టుకుని. చూపు లేని మనిషిని పట్టుకోవాలి కదా.

ఇంజనీరు మిషన్‌కు మళ్లీ నేర్పించాడు. ఈసారి అడ్డ గీత ఉన్న ఫోటోలన్నిటికీ హిందూపురంలోనే కూర్చుని ఎర్ర గుర్తు పెట్టాడు. అంతకుముందు మిషన్ తీర్పును మార్చడానికి బ్రాంచి మేనేజర్‌కు ఒక పాస్‌వర్డు ఉండేది. సావుకారు దాన్ని తీయించేశాడు. "మనిషి కన్ను మీద భారం పెడితే ఏమవుతుందో మీ మేస్త్రి విషయంలోనే చూశాం కదా" అన్నాడు. నేను చెప్పిన అబద్ధమే చుట్టు తిరిగి వచ్చి నా చేతులు కట్టేసింది. ఇక పచ్చ లైటుకు పూర్తి కూలి చీటీ, ఎర్ర లైటుకు కోత చీటీ మిషనే ఇస్తుంది; నాకు మిగిలింది వాటి కింద సంతకం పెట్టడం.

ఊళ్లో మేస్త్రికి కండ్లు పోయాయన్న మాట పాకింది. ఆయన దానికి తగ్గట్టే నడిచాడు. బజారులో గోడలు తడుముకుంటూ పోయేవాడు. ఒకప్పుడు ఆయన గోటికి భయపడ్డ నేతగాళ్లే ఇప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్లు. ఒకరోజు రైల్వే గేటు దగ్గర ఎదురెదురుగా వచ్చాం. నేను ఆగాను. ఆయన నా భుజం పక్కగా ఎటో చూస్తూ, కర్రతో నేల వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. చుట్టూ మనుషులున్నారని అలా చేశాడా, నన్ను చూడటం ఇష్టం లేకనా అన్నది నాకు తెలియదు.

రెండేళ్లకు ఆయన పోయాడు. నేను శవానికి దండ వేసి, సాయంత్రం ప్యాసింజరుకు పెనుకొండ వచ్చేశాను.

ఆ తర్వాత నెలకు ఆయన కోడలు చీర తెచ్చింది. బచ్చలిపండు రంగు ఒళ్లు, పచ్చ అంచు, పొంకమైన నేత. గాజు బల్ల మీద చీర సగం జారిందో లేదో ఎర్ర లైటు వెలిగింది. చూడక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. అయినా చీరను తీసి మేస్త్రి పాత బల్ల మీద పరిచాను. అడ్డంగా, సన్నగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు. నీళ్లు చిలకరించి బొటనవేలి గోటితో రాశాను. ఆయన ఎలా రాసేవాడో చాలాసార్లు చూసినవాణ్ణే. పక్కన పోగులు లేచాయి గానీ గీత కదల్లేదు. మళ్లీ గాజు మీద పెట్టాను. మళ్లీ ఎర్రదే.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. చివరకు తానే అంది.

"పోనీలే సార్, ఇడిసిపెట్టు. మా మామ ఆ కుర్చీలో ఉన్నింటే ఈ గీతను ఎంచేవాడు కాదు. ఏం చేస్తాం, కండ్లు పోయె ఆయనకి. కడాకు మా మొగాలు కూడా ఆనేవి కాదు, అన్నం గిన్నె కూడా తడుముకొనేవాడు."

ఇంట్లో కూడా. రెండేళ్లు ఇంట్లో కూడా.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఈ వయసుకు ఇంత మంచి చూపు చూడలేదని డాక్టరు రాసిన కాగితం ఆ బల్ల సొరుగులోనే ఉంది. ఆ సొరుగు మీదనే ఎర్ర చీటీ పెట్టుకుని సంతకం చేశాను.